గేటు పక్కన రెల్లు

వానలు తగ్గి ఆశ్వయుజం వచ్చిందంటే ఆ ఇంటి ముందు నుంచి వెళ్లేవాళ్లు ఓసారి ఆగాల్సిందే. గేటు పక్కన సిమెంటు తొట్టిలో నిలువెత్తు రెల్లు, తెల్లగా, గాలికి ఊగుతూ! "పాంపస్ గడ్డేనాండీ? ఏ నర్సరీలో కొన్నారు?" అని అడుగుతారు. పెద్దాయన నవ్వి ఊరుకుంటాడు.

కోనసీమ లంకలో ఆయనకున్న అరెకరం కొబ్బరితోట ఏటా కొంచెం కొంచెంగా గోదారిలో కలిసిపోయింది. చివరిసారి వెళ్లినప్పుడు గట్టు అంచున మిగిలింది ఈ దుబ్బే. వేళ్లతో సహా తవ్వి, తడి గోనెసంచిలో చుట్టి హైదరాబాద్ తెచ్చాడు.

"ఊళ్లో పీకలేక చచ్చిన గడ్డిని ఇక్కడ పెంచుతారా!" అంది భార్య.

"చెరకుకి చుట్టమే ఇది. కోయంబత్తూరులో దీంతో సంకరం చేసే చెరకులో గట్టి రకాలు తీశారు" అన్నాడాయన.

ఆవిడ భయమూ నిజమే. రెల్లు వేళ్లు నేలలోపలే పాకి, పిలకలేసి తోటంతా ఆక్రమిస్తాయి. అందుకే తొట్టి. విత్తనాలు గాలికి ఎగరకముందే వెన్నులు కోసేస్తాడు. శివరాత్రి వెళ్లాక ఎండిన ఆకుల్ని జానెడు ఉంచి కత్తిరిస్తాడు, పొడుగు చేతుల చొక్కా వేసుకుని. ఆకు అంచు రంపమే మరి! మొదటేడాది ముద్దుకొద్దీ ఎరువేస్తే ఏపుగా పెరిగి సోలిపోయింది. ఇప్పుడు ఇసుక కలిపిన మట్టి, నిండుగా ఎండ, అంతే.

పోయిన తొలకరికి తొట్టి నిండిపోతే దుబ్బుని రెండుగా చీల్చాడు. సగం పారేయబోతుంటే, ఆవిడే ఇంకో పాత తొట్టి దొర్లించుకొచ్చింది.

"మీ చెల్లెలికివ్వండి. తన వాటా కూడా ఏట్లోనే పోయిందిగా" అంది.