బండి దోషమును మా దోషమును

మా రావికమతము 2022వ సంవత్సరము ఏప్రిలు 4వ తేదీన విశాఖపట్టణము జిల్లానుండి విడివడి, నూతనముగ నేర్పడిన అనకాపల్లి జిల్లాలోఁ జేరినది. ఇచ్చట చెఱకు పండించి బెల్లము వండు కుటుంబములలో మాది యొకటి. బెల్లమును చోడవరము మీఁదుగా అనకాపల్లి మార్కెట్టునకుఁ జేర్చుటకై అప్పుచేసి యొక డీజిలు పికప్పు బండిని గొంటిమి. దానిని నడుపుటకు ఒక చిన్నవానిని నియమించితిమి. మేమును తఱచుగ నడుపుచుంటిమి. ఆ బండికిఁ గలిగిన జబ్బును గూర్చియు, మావలన ఆ చిన్నవానికిఁ గలిగిన యన్యాయమును గూర్చియు నిందు వ్రాయుచున్నాము.

గడచిన బెల్లపు ఋతువులో బండి బలము తగ్గెను. సమభూమిపై నెటులో నడచుచుండెను గాని, బరువుతో నెత్తెక్కునపుడు తాఁబేలువలెఁ బ్రాఁకసాగెను. డీజిలు ఖర్చు మాత్రము నానాఁటికిఁ బెరిగెను. ఇంటిలోని పెద్దలు దిష్టి తగిలినదని నిమ్మకాయలును మిరపకాయలును గట్టించిరి. మేము వారి మూఢత్వమునకు నవ్వుకొంటిమి. నవ్వి మేము చేసిన దేమి? డీజిలు దొంగిలింపఁబడుచున్నదని నిశ్చయించి, నలుగురి యెదుట ఆ చిన్నవానిని నిందించి, నెలజీతములోఁ గొంత కోసితిమి.

"బాబూ, ఇంజను మ్రోగుచున్నది గాని బండి లాగుట లేదు. ఒక్కసారి మెకానిక్కునకుఁ జూపింపుఁడు" అని యతఁడు బ్రతిమాలెను. మేము వినమైతిమి. మఱునాఁటినుండి యతఁడు పనికి రాలేదు. మా పెద్దలు కారణమును గాలిలో వెదకిరి; మేము పేదవానిలో వెదకితిమి. బండిలో నెవ్వరును వెదకలేదు. ఎవరి మూఢత్వ మెక్కువయో చదువరులే నిర్ణయింతురు గాక.

తుదకు నర్సీపట్నములో నొక ముసలి మెకానిక్కు మాకుఁ గన్నులు దెఱపించెను. డీజిలింజనులో నిప్పురవ్వ పుట్టించు సాధన ముండదు. గాలి మిక్కిలి యొత్తఁబడి వేఁడెక్కఁగా, అందుఁ జిమ్మఁబడిన నూనె తనంతటనే మండును. రుడాల్ఫ్ డీజెల్ 1897లో జర్మనీదేశమున నిట్టి యంత్రమును నడిపి చూపెను. కావున గాలియో నూనెయో కొఱఁతపడినచో బలము తగ్గును. గాలి ఫిల్టరు మూసికొన్న నల్లని పొగ వచ్చును. డీజిలు ఫిల్టరు మూసికొన్న నింజను లాగలేక కుంటును. ఈ రెంటియందును ఇంజను స్వరము క్రుంగును. మా బండి స్వరమో, యెత్తెక్కునపుడు పెరుగుచుండెను. వేగము మాత్రము పెరుగకుండెను. పుట్టిన బలము చక్రములకుఁ జేరక నడుమనే జాఱిపోవుచున్నదని దీని యర్థము. ఆ నడుమ నున్నది క్లచ్చి.

అతఁడు చక్రములకు రాళ్లు పెట్టి, చేతిబ్రేకు వేసి, నాలుగవ గేరులో క్లచ్చిని మెల్లగ వదలెను. క్లచ్చి మంచిదైనచో ఇంజను వెంటనే యాగిపోవలెను. మా యింజను మ్రోగుచునే యుండెను. ప్లేటు మఱింత కాలకుండుటకై యతఁడు క్షణములో పరీక్ష ముగించెను. విప్పి చూడఁగా ప్లేటు రివెట్ల వఱకు నఱిగియుండెను. నూనె కాఱిన జాడ లేదు.

క్రొత్త ప్లేటు వేసిన పిదప మమ్ము బండి నడుపుమని యతఁడు ప్రక్కనఁ గూర్చుండెను. మైలు దూరము పోకమునుపే, "బాబూ, మీ యెడమకాలు చూచుకొనుఁడు" అనెను. అది పెడలును విడువకయే యున్నది! పాదము బరువుతో ప్లేటు పట్టు సడలును, సడలినది జాఱును, జాఱినది కాలును. ఒకటిన్నర టన్ను మోయు బండిపై రెండు టన్నులకు మించి యెక్కించుమన్నదియు మేమే. మేము దొంగిలింపఁబడినదనుకొన్న డీజిలు క్లచ్చిలో వేఁడిగా మాఱి వ్యర్థమైపోయెను.

ఆ సాయంకాలమే, మేము నిందించినపుడు విన్న ఆ నలుగురిని వెంటఁబెట్టుకొని చిన్నవాని యింటికిఁ బోయి, క్షమింపుమని వేఁడి, కోసిన జీతము నిచ్చితిమి. అతఁడు డబ్బు లెక్కపెట్టుకొని, "బరువు తూఁచి యెక్కింతురేని వత్తును" అని మాత్ర మనెను. నాఁటినుండి తూఁచియే యెక్కించుచున్నాము.

చదువరులారా! నష్టము గలిగినపుడు మన కంటికి మొదటఁ గనఁబడు దొంగ బలహీనుఁడే. ఇంటిలోఁ బనిమనిషి, కచ్చేరిలో బంట్రోతు, బండిమీఁద డ్రైవరు. వారిపై నింద వేయుటకు ముందు యంత్రమును విప్పి చూడుఁడు. విప్పునపుడు మీ కాలెచ్చట నున్నదో దానినిగూడఁ జూచుకొనుఁడు.