వెళ్లేలోపు ఉంటాయా?

ఇంటి ఖర్చులకు చిట్టా రాయడం చాలామందికి అలవాటే. నేను దాంతోపాటు ఇంకో చిట్టా కూడా రాస్తుంటాను... ఎప్పటికైనా చూసి తీరాలనుకున్న ఊళ్లది. మొదటిది నెలనెలా పెరుగుతోంది. రెండోది తరుగుతోంది. ఒక్కో ఊరూ చూసేసి కొట్టేస్తున్నాడు కాబోలు అనుకునేరు. అంత అదృష్టమా! చూడకుండానే కొట్టేయాల్సి వస్తోంది.

అలా కొట్టేసిన మొదటి పేరు బామియాన్. అఫ్గానిస్థాన్‌లో హిందూకుష్ పర్వతాల నడుమ ఓ లోయ. అక్కడి కొండను తొలిచి నిలబెట్టిన రెండు బుద్ధ విగ్రహాలు. పెద్దది 55 మీటర్లు, చిన్నది 38. హుస్సేన్‌సాగర్‌లోని మన బుద్ధుణ్ని ముగ్గుర్ని ఒకరిమీద ఒకరుగా నిలబెడితే దాదాపు ఆ పెద్ద విగ్రహమంత! పధ్నాలుగు వందల ఏళ్లు ఎండకీ మంచుకీ ఓర్చుకున్న ఆ బుద్ధుల్ని 2001 మార్చిలో తాలిబన్లు పేల్చేశారు. మిగిలినవి రెండు ఖాళీ గూళ్లు. 2003లో యునెస్కో ఆ లోయను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. చేతులు కాలాక ఆకులంటే ఇదే మరి.

అప్పట్నుంచీ నా చిట్టాలో ఓ కొత్త గడి చేరింది. ఊరు, దేశం, దారిఖర్చు... వాటి పక్కన ‘ఎన్నాళ్లుంటుంది?’ అని. ఉండటమంటే రాళ్లూ గోడలూ ఉండటమే కాదు. అక్కడికి దారి ఉండాలి. నా మోకాళ్లలో సత్తువ ఉండాలి. బ్యాంకులో నాలుగు డబ్బులుండాలి. ఈ మూడూ ఒకేసారి కుదరడం చాలా కష్టం.

అన్నీ ఆసియా ఊళ్లేనా అని ఇంట్లోవాళ్లు దెప్పుతుంటారు. ఈఫిల్ టవర్‌కి వచ్చిన తొందరేం లేదు, అది ఎక్కడికీ పోదు. ఇక అమెరికా అంటారా... పురుళ్లకో, మనవల్ని ఆడించడానికో మనవాళ్లు ఎలాగూ వెళ్లొస్తూనే ఉన్నారు. ఆసియా అలా కాదు. ఎవరూ టిక్కెట్టు కొని పంపరు. మనమే పనిగట్టుకుని వెళ్లాలి.

ముందుగా అంగ్‌కోర్ వాట్. కంబోడియాలో పన్నెండో శతాబ్దపు రెండో సూర్యవర్మ విష్ణుమూర్తికి కట్టించిన గుడి. గుడి అనడం అలవాటు కొద్దీ అనడమే. కందకంతో కలిపి నాలుగొందల ఎకరాలు! మన గుళ్లు చాలావరకు తూర్పు చూస్తుంటే ఇది పడమర చూస్తుంది. తర్వాత్తర్వాత అది బౌద్ధుల ఆరాధనా స్థలమైంది. ఇప్పటికీ దాని బొమ్మ ఆ దేశపు జెండా మీద ఉంది.

నేను వెళ్లాలనుకునేది మాత్రం ఒక్క గోడ కోసం. తూర్పు వసారాలో దాదాపు 49 మీటర్ల పొడవున చెక్కిన క్షీరసాగర మథనం కోసం. ఓవైపు 92 మంది అసురులు, మరోవైపు 88 మంది దేవతలు, మధ్యలో వాసుకి. తాడు లాగే పోటీలాగా అందరూ ఒక్క ఊపు మీద ఉంటారట. చిన్నప్పుడు పందిట్లో కూర్చుని హరికథలో విన్న కథ, మూడువేల కిలోమీటర్ల అవతల, మన భాష ముక్క తెలియని శిల్పి చేతిలో ఎలా ఉందో చూడాలని. కథ మనదే. ఆ ముఖాలు మాత్రం వాళ్లవి!

పక్కనే తా ప్రోమ్. పెద్ద పెద్ద చెట్లు గోడల మీద కూర్చుని వేళ్లతో రాళ్లను బిగించి పట్టుకున్న గుడి. మన పురావస్తు శాఖ నిపుణులు ఏళ్ల తరబడి అక్కడ మరమ్మతులు చేశారు. అదో చిక్కు లెక్క. చెట్టు కొట్టేస్తే దాన్ని పట్టుకుని నిలబడ్డ గోడ కూలిపోతుంది. ఉంచేస్తే పెరిగి పెరిగి చెట్టే ఆ గోడను కూలుస్తుంది. ఆ చెట్లు లేకపోతే సగం మంది అక్కడికి రారు కూడా. వాళ్లేం చేస్తున్నారయ్యా అంటే ఒక్కో చెట్టుకీ, ఒక్కో గోడకీ విడివిడిగా వైద్యం.

టిక్కెట్టు ఒకరోజుకి 37 డాలర్లు, మూడురోజులకి 62. ఒకరోజులో చూసేద్దామనుకునేవాళ్లు వెళ్లకపోవడమే మంచిది. అన్నట్టు, 2025లో థాయ్‌లాండ్‌కీ కంబోడియాకీ సరిహద్దులో కాల్పులు జరిగాయి. వివాదాల్లో ఒకటి కొండ అంచున ఉన్న ప్రీహ్ విహార్ శివాలయం దగ్గరిది. ఆ గుడి కంబోడియాదేనని అంతర్జాతీయ న్యాయస్థానం 1962లోనే తేల్చినా పేచీ తీరలేదు. కాబట్టి నా చిట్టాలో అంగ్‌కోర్ పక్కన ‘త్వరగా’ అని రాసి ఉంది. ప్రీహ్ విహార్ పక్కన ‘చూద్దాం’ అని.

తర్వాత జావాలోని బోరోబుదూర్. 504 బుద్ధ విగ్రహాలు, రెండున్నర వేలకు పైగా శిల్ప ఫలకాలు. చుట్టూ తిరుగుతూ ఒక్కో అంతస్తే ఎక్కుతూ చదువుకోవాల్సిన తొమ్మిదో శతాబ్దపు రాతి పుస్తకం. జాతక కథల మధ్యలో అక్కడో ఓడ ఉంది. తెరచాపలతో, పక్కకి చాచిన తేలుడు కొయ్యలతో. ఆ బొమ్మను చూసి నిజం ఓడ కట్టి 2003-04లో ఇండోనేసియా నుంచి ఆఫ్రికాలోని ఘనా దాకా నడిపించారు కూడా! యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేల మీద రెండు తెరచాప కొయ్యల ఓడ చూసినవాళ్లకు ఈ ఓడ కొత్తగా అనిపించదు. మధ్యలో ఉన్నది ఒక్క బంగాళాఖాతమే కదా. ఇప్పుడు పైకెక్కేవాళ్ల సంఖ్యకు రోజువారీ పరిమితి పెట్టారు. రాయి అరగకుండా ప్రత్యేకమైన చెప్పులిస్తారు. మంచి పని చేశారు. కాస్త కష్టమైనా సరే, అలాంటిచోటికి వరస కట్టి వెళ్లడంలో తప్పులేదు.

ఓడలంటే గుర్తొచ్చింది... చిట్టాలో అందరికన్నా ముందు రాసుకున్న పేరు, ఇంకా తేలని పేరు ఒకటుంది. రంగం.

మ్యాపులో వెతికితే దొరకదు. అక్కడ యాంగోన్ అని ఉంటుంది, పాతవాటిలో రంగూన్. కోస్తా జిల్లాల్లో పెద్దవాళ్లకు మాత్రం అది రంగమే. శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాల నుంచి వేలమంది ఓడెక్కి బర్మా వెళ్లారు. రేవులో మూటలు మోశారు, బియ్యం మిల్లుల్లో పనిచేశారు, రిక్షాలు లాగారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద అక్కడ మనవాళ్లను ‘కొరంగీలు’ అనేవారు. ఆ మాటలో వెటకారమూ ఉండేది. 1930 మేలో రేవు పని విషయంలో బర్మీయులకూ, తెలుగు కూలీలకూ మధ్య మొదలైన గొడవ ఊరంతా పాకింది. మనవాళ్లు చాలామంది చనిపోయారు. సంపాదనా ఉంది, అవమానమూ ఉంది. మా అమ్మమ్మ వాళ్లింటి దూలాలు రంగం టేకువి. ఆ కర్ర గట్టిదనం గురించి ఇంటిల్లిపాదీ చెప్పేవారు. దాన్ని సంపాదించిన మనిషి అక్కడ ఎలా బతికాడో ఒక్కరూ చెప్పలేదు.

1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. ఓడల్లో చోటు దొరికినవాళ్లు బతికిపోయారు. దొరకని లక్షలమంది అరకాన్ కొండలు దాటీ, మణిపూర్ అడవుల్లోంచీ కాలినడకన ఇండియాకి బయల్దేరారు. దారిలో పోయినవాళ్ల లెక్క ఎవరి దగ్గరా సరిగ్గా లేదు. ఆ తర్వాత 1960లలో, సైనిక ప్రభుత్వం దుకాణాలూ వ్యాపారాలూ జాతీయం చేశాక, ఇంకో వలస. విశాఖపట్నంలో ‘బర్మా క్యాంపు’ అనే పేటకు ఆ పేరు ఊరికే రాలేదు.

అక్కడికెళ్లి నేను చేయాలనుకునే పనులు మూడే. ఊరి చుట్టూ తిరిగే సర్క్యులర్ రైలెక్కి కూర్చోవాలి. 46 కిలోమీటర్లు, ఇంచుమించు మూడు గంటలు. కూరగాయల గంపలూ, స్కూలు పిల్లలూ ఎక్కీ దిగే రైలు. సాయంత్రం దీపాలు వెలిగే వేళకి శ్వేదగోన్ పగోడా చేరుకోవాలి. గుట్ట మీద దాదాపు వంద మీటర్ల ఎత్తున బంగారు తాపడంతో ఉంటుంది. మూడోది బహదూర్ షా జఫర్ సమాధి. ఢిల్లీ చివరి మొగల్ చక్రవర్తిని ఆంగ్లేయులు తీసుకెళ్లి అక్కడ ఉంచారు. 1862లో పోతే గుర్తు తెలియకుండా పూడ్చేశారు. అసలు సమాధి 1991లో తవ్వకాల్లో బయటపడింది. రాజుకే గుర్తు మిగల్చలేదంటే మన రేవు కూలీకి ఏం మిగిలి ఉంటుంది? ఏదైనా గుడి గోడ మీదో, అంగడి మీదో నాలుగు తెలుగక్షరాలు కనిపించకపోతాయా అని ఆశ.

2021 ఫిబ్రవరిలో సైన్యం అధికారం లాక్కుంది. అంతర్యుద్ధం మొదలైంది. దాని మీద 2025 మార్చి 28న 7.7 తీవ్రతతో భూకంపం వచ్చి మాండలే ప్రాంతాన్ని కుదిపేసింది. ఇలాంటప్పుడు యాత్రలకు వెళ్లడం మర్యాద కాదు, క్షేమమూ కాదు. పేరు కొట్టేయలేదు. కానీ ఆ ఊరి వీధుల పేర్లు ఇంకా గుర్తున్న తాతలు, బామ్మలు మన దగ్గర ఏటా తగ్గిపోతున్నారు. ఊరు ఆగుతుందేమోగానీ వాళ్లు ఆగరు. అందుకే అక్కడికి వెళ్లేలోగా బర్మా క్యాంపుకి వెళ్లి, చెప్పగలిగినవాళ్ల దగ్గర వివరాలన్నీ రాసుకొస్తున్నా. రైలు ఏ స్టేషన్లో ఎక్కాలో కూడా చెప్పారు!

కైలాస మానససరోవరం సంగతి వేరు. ఆ కొండకి ఏమీ కాదు, మనకే అవుతుంది. 2020లో ఆగిన యాత్ర 2025లో మళ్లీ మొదలైంది. మన విదేశాంగ శాఖ నిర్వహించే యాత్రకి 70 ఏళ్లు దాటకూడదు. పైగా ఎత్తుకు తగ్గ బరువు ఉండాలి, బీఎంఐ 25కి మించితే కుదరదు. అయిదున్నర వేల మీటర్లకు పైనున్న డోల్మా కనుమ ఎక్కాలంటే ఆ మాత్రం నిబంధన ఉండాల్సిందే. వయసుకి ఇంకా గడువుంది. నడుము చుట్టుకొలతకే లేదు. మా ఆవిడ ఆ కాగితాన్ని ఫ్రిజ్ మీద అతికించింది.

మిగతావి గబగబా. క్యోటోలో చెర్రీపూలు... అందరి చిట్టాల్లోనూ ఉండేదే. అయితే అక్కడ వెయ్యేళ్లకు పైగా పూత తేదీలు రాసిపెట్టుకున్నారు. 2021లో మార్చి 26కే విరగబూశాయి, ఆ లెక్కల్లో అప్పటిదాకా అంత ముందుగా ఎప్పుడూ లేదట. ముందే టిక్కెట్లు కొనేవాళ్లు జాగ్రత్త! గడ్డకట్టిన బైకాల్ సరస్సు మీద నడవాలనుంది, చలికి భయపడి వాయిదా వేస్తున్నా. దుబాయి, సింగపూర్ రాయలేదు. వాటి గురించి చెప్పడానికి పక్కింట్లో ఒకరున్నారు.

సమర్‌ఖండ్ మాత్రం ఎప్పుడో వెళ్లాల్సింది. అసఫ్‌జాహీల మూలపురుషుడు ఖ్వాజా ఆబిద్ ఆ ప్రాంతం నుంచే వచ్చాడు. 1687లో గోల్కొండ ముట్టడిలో మొగలుల తరఫున పోరాడి ప్రాణాలు పోగొట్టుకున్నాడు. అక్కడ తైమూర్ మనవడు ఉలుగ్ బేగ్ రాజై ఉండీ నక్షత్రాలు లెక్కపెట్టాడు. వెయ్యికి పైగా చుక్కల పట్టిక తయారుచేశాడు. 1449లో కన్నకొడుకే చంపించాడు. అతని వేధశాల నేలమట్టమైంది. 1908లో తవ్వితే భూమి లోపలున్న వంపు భాగం దొరికింది. తాష్కెంట్ నుంచి వేగం రైలుంది, మనకి ఈ-వీసా ఉంది. వంక చెప్పడానికేమీ లేదు.

అక్కడి నుంచి పడమరగా వెళితే మోయ్నాక్. ఒకప్పుడు అరల్ సముద్రపు ఒడ్డున చేపల రేవు. సముద్రమంటారుగానీ అది సరస్సే, 1960లో ప్రపంచంలో నాలుగో పెద్దది. పత్తి చేలకోసం సోవియట్ ప్రభుత్వం అందులో కలిసే రెండు నదుల్నీ కాల్వలకు మళ్లించింది. సరస్సు ఎండుతూ ఎండుతూ వంద కిలోమీటర్లకు పైగా వెనక్కి పోయింది. ఇప్పుడు మోయ్నాక్‌లో ఇసుకలో తుప్పుపట్టిన పడవలే మిగిలాయి. కాల్వ నీళ్ల విలువ తెలిసినవాళ్లం, పత్తి రైతుల్ని ఎరిగినవాళ్లం... మనం అక్కడ నిలబడి ఫొటో దిగి వచ్చేయలేం.

అరల్‌ను కూడా ఎప్పుడో కొట్టేశాను. అయితే ఉత్తరాన కజకిస్థాన్ వైపు 2005లో కొక్-అరల్ ఆనకట్ట కట్టారు. సిర్ దర్యా నీళ్లు ఆ చిన్న ముక్కలోనే నిలిచాయి. అనుకున్నదానికంటే త్వరగా మట్టం పెరిగింది. ఉప్పదనం తగ్గింది. చేపలు తిరిగొచ్చాయి, పడవలు మళ్లీ నీళ్లలోకి దిగాయి. దక్షిణం వైపు మాత్రం ఆ అదృష్టం లేదు. అయినా నా చిట్టాలో ఒకసారి కొట్టేసి మళ్లీ రాసుకున్న పేరు ఇదొక్కటే. కజకిస్థాన్‌కి మనవాళ్లు రెండు వారాల దాకా వీసా లేకుండానే వెళ్లొచ్చు. సెప్టెంబరులో ఎండ తగ్గుతుందంటున్నారు. సమర్‌ఖండ్‌తో మొదలెట్టి, మోయ్నాక్ చూసి, సరిహద్దు దాటి ఆ ఉత్తరపు ఒడ్డున పట్టిన చేప వేయించుకు తినాలని... డబ్బులు లెక్కేస్తున్నా.