ముష్రిఫ్ పార్కు జమ్మి చెట్లు

దుబాయిలో ముష్రిఫ్ పార్కు నిండా మన జమ్మి చెట్లే. ఇక్కడివాళ్లు గాఫ్ అంటారు. తెలంగాణ రాష్ట్ర వృక్షం ఇది. యూఏఈకి జాతీయ వృక్షమూ ఇదే. 2019ని సహన సంవత్సరంగా జరుపుకున్నప్పుడు ఈ దేశం గుర్తుగా పెట్టుకున్నది కూడా జమ్మినే. వేళ్లు బాగా లోతుకు దిగుతాయి కనుక ఇసుకలోనైనా బతికేస్తుంది. మిగతా పార్కుల్లో పచ్చికకూ పూలమొక్కలకూ ఆ శక్తి లేదు. వాటిని బతికించేది ఎక్కువగా శుద్ధి చేసిన మురుగునీరే, అదీ నల్లటి సన్న పైపుల్లో వచ్చేది. ఎండాకాలంలో ఆ పైపు ఆగిందా, పచ్చదనం మాడిపోతుంది.

అందుకే ఇక్కడ పార్కు పనికి బడిపిల్లలు వస్తే నాకెంతో సంతోషం. 1991లో మొదలైన ఎమిరేట్స్ ఎన్విరాన్‌మెంటల్ గ్రూప్ ఏటా ‘క్లీనప్ యూఏఈ’ పేరుతో ఎమిరేట్లన్నీ తిరిగి చెత్త ఏరిస్తుంది. అందులో విద్యార్థులు పెద్ద సంఖ్యలో ఉంటారు. చెత్త ఏరడం చిన్న పనేమీ కాదు. పిక్నిక్‌లో వదిలేసిన ప్లాస్టిక్ సంచి గాలికి ఎడారిలోకి పోతుంది, ఒంటె దాన్ని మేస్తుంది. కడుపులో ప్లాస్టిక్ గడ్డకట్టి చనిపోయిన ఒంటెలను దుబాయి పశువైద్య పరిశోధకులు వందల్లో చూశారు.

సేవ చేసినట్టు బడి ఇచ్చే సర్టిఫికెట్ కోసమే వస్తారు ఈ పిల్లలు అని పెద్దలు కొందరు విసుక్కుంటారు. రానివ్వండి! వచ్చాక ఏం చేస్తున్నారో చూడండి. మా ఇంటి పక్క పార్కులో ఒక శనివారం పొద్దున్నే తొమ్మిదో తరగతి తెలుగమ్మాయి మోకాళ్ల మీద కూర్చుని నీటి పైపుకున్న డ్రిప్పర్ విప్పుతోంది. దాని రంధ్రం చుట్టూ ఉప్పు తెల్లగా పేరుకుపోయింది. పిన్నుతో గీకబోతుంటే తోటపని చేసే ఆయన వంగి చూశాడు. జగిత్యాల వైపు మనిషి.

“గట్ల కాదు బిడ్డా, ముందుగాల నీళ్లు బందు చెయ్యాలె.”

“సరే అంకుల్, వాల్వ్ ఎక్కడుంది?”

ఆయన చూపించాడు. కాసేపటికి ఆ రంధ్రంలోంచి చుక్క చుక్కగా నీళ్లు పడ్డాయి. ఇద్దరూ తెలుగువాళ్లే, ఒకే ఊళ్లో ఉంటున్నారు. అయినా ఆమె ఫ్లాటుకూ ఆయన లేబర్ క్యాంపుకూ మధ్య మామూలుగా మాటామంతీ ఉండదు.

జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు వరకు ఎండలో పని చేయించకూడదని ఇక్కడి చట్టం. మిగతా వేళల్లో ఆ వేడిలోనే పార్కును కాపాడేది ఆయనలాంటివాళ్లు. చలికాలంలో వచ్చే పిల్లలకు ఆ కష్టం కనబడదు.

బళ్లు ఒక పని చేస్తే బాగుంటుంది. పిల్లల సేవాగంటల్లో కొన్నైనా చీపురుతో కాక తోటమాలి వెంట గడవాలి: పైపు విప్పడం, కొమ్మ కత్తిరించడం, ఏ మొక్కకు ఎంత నీరో తెలుసుకోవడం. నేర్పినన్ని గంటలకు ఆయనకు జీతం మీద అదనంగా కూలి ముట్టాలి. సర్టిఫికెట్ మీద గురువుగా ఆయన పేరూ రాయాలి.