నంది కొండ మీద కొండపొదపిగిలి

బెంగుళూరికి 60 కిలోమీటర్ల దూరాన ఉన్న నంది కొండకు పోయేవారు చాలామంది సూర్యోదయం చూసి, టిప్పు పేరు మోసిన కొండచరియ నుంచి కిందికి తొంగిచూసి, కాఫీ తాగి దిగివస్తారు. మేము పోయినది ఒక పిట్ట కోసం.

తోక కింద ఎర్రగా ఉండే పిగిలిపిట్ట మన పెరళ్ళలో తిరిగేదే. దాని జ్ఞాతులలో పొదపిగిలి ఒకటి, కొండపొదపిగిలి మరొకటి. ఈ తెలుగు పేర్లను గ్రంథస్థం చేసిన పుణ్యం జెర్డన్ దొరది. నెల్లూరులో వైద్యుడుగా పనిచేసిన ఆయన 1862-64లో అచ్చయిన తన పక్షుల గ్రంథంలో మనవారు పిలిచే పేర్లను కూడా రాసిపెట్టాడు. కొండపొదపిగిలిని 1845లో శాస్త్రజ్ఞులకు ఎరుకపరచినదీ ఆయనే. ఆ నెల్లూరి పక్కన పారే పెన్నేరు పుట్టినది ఈ నంది కొండల్లోనే కావడం మాకు వింతగా తోచింది.

పొదపిగిలిది ఆకుపచ్చ కలిసిన బూడిదవన్నె. కంటిపైన తెల్లని బొమ. పొదలో దాగి, ఉన్నట్టుండి గలగలమని కూస్తుంది. కనబడేదానికన్నా వినబడేదే ఎక్కువ. రెండవదానికి తల, గొంతు పసుపు పూసినట్టుంటాయి; రొమ్ము బూడిద రంగు. కూత వింటే మాత్రం అన్నదమ్ములని తెలిసిపోతుంది.

కాని రెండింటి జాతకాలు వేరు. పొదపిగిలి మెట్టపొదల్లోనూ తోటల్లోనూ, సింహళంలోనూ బతుకుతుంది. దానికి భయం లేదు. కొండపొదపిగిలి దక్షిణ భారతంలో తప్ప లోకంలో మరెక్కడా లేదు. ఇక్కడైనా బండరాళ్ళూ పొదలూ కలిసిన కొండవాలులే దానికి కావాలి. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం వారి ఎర్ర జాబితాలో అది ఆపదకు గురికాగల జాతుల్లో చేరింది. పొదలు కొట్టడం, తగలబెట్టడం ఒక కారణం. రాతి క్వారీలు అంతకన్నా పెద్ద చిక్కు. పొద వానకు మళ్ళీ చిగిర్చవచ్చు, మందుపెట్టి పేల్చిన బండను తెచ్చేదెవరు? మన వంటింటి గట్టుమీది రాయి ఏ కొండదో కొట్టువాణ్ణి అడిగిచూడండి, చెప్పలేడు.

చిక్కబళ్ళాపురం, కోలారు పల్లెల్లో నేటికీ తెలుగు మాట్లాడేవారున్నారు. ఆ ఇళ్ళలోని పెద్దలు ఈ పిట్టను ఏమంటారో రాసి పంపితే సంతోషిస్తాము. చూడగోరేవారు జనం రాకముందే కొండెక్కి, పండ్లున్న మర్రి, రావి చెట్ల దగ్గర చప్పుడు చేయకుండా నిలబడాలి. అటువైపు పోలేనివారికి మదనపల్లె దగ్గరి హార్స్‌లీ కొండ ఉన్నది. అక్కడా ఇది ఉంటుంది.