ఫ్లైవీల్ లేని ఇంజను

చేలో నీళ్లు తోడే చిన్న ఇంజనుకి ఓ పక్కన బరువైన చక్రం ఉంటుంది. మెకానిక్కులు దాన్ని మాగ్నెట్ అంటారు, పుస్తకాల్లో ఫ్లైవీల్ అని ఉంటుంది. వానలు ముఖం చాటేసిన ఏడాది మా అరసవల్లి చుట్టుపక్కల మడులకి నీళ్లెక్కించేది ఇలాంటి ఇంజన్లే. చాలావరకు పెట్రోలుతో స్టార్టు చేసి, వేడెక్కాక కిరసనాయిలుకి మార్చే రకం. చల్లటి కిరసనాయిలు సరిగా ఆవిరై గాలిలో కలవదు కాబట్టి ఆ ఏర్పాటు. తాడు లాగితే తిరిగేది ఆ చక్రమే. దాని లోపలి అయస్కాంతాలు కాయిల్ ముందునుంచి పోతూ ప్లగ్గుకి కరెంటు పుట్టిస్తాయి. దాంతో పాటు తిరిగే క్యామ్ పాయింట్లను తెరిచి, నిప్పురవ్వ ఏ క్షణంలో పడాలో తేలుస్తుంది. దాని రెక్కలు సిలిండరు మీదికి గాలి కొడతాయి. ఒకసారి మంట అందుకోకపోయినా ఆ బరువే పిస్టన్ని మళ్లీ పైకి తోసి, ఇంజను ఆగకుండా కాస్తుంది.

డిప్లొమా విద్యార్థులకి ఇంజన్ల పాఠం చెప్పడం నా పని. ఈ చక్రం ఎంత మోస్తోందో నాకు బాగా తెలిసొచ్చింది మాత్రం, అది లేని ఇంజను గురించి చెప్పవలసి వచ్చినప్పుడే.

ఫ్రీ పిస్టన్ లీనియర్ ఇంజనులో కనెక్టింగ్ రాడ్డు లేదు, క్రాంకు లేదు, ఫ్లైవీలూ లేదు. ఒక రకంలో రెండు కొసలా రెండు సిలిండర్లు, వాటి మధ్య ఒకే కడ్డీకి బిగించిన రెండు పిస్టన్లు. ఇటు మంట రేగితే అటు పోతుంది, అటు రేగితే ఇటు వస్తుంది. కడ్డీ మీది అయస్కాంతాలు చుట్టూ ఉన్న కాయిళ్లలో కరెంటు పుట్టిస్తాయి. అర్జెంటీనాలో పుట్టిన రౌల్ పతేరాస్ పెస్కారా ఈ ఫ్రీ పిస్టన్ పద్ధతికి 1928లో అమెరికా పేటెంటు పొందాడు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ జలాంతర్గాముల్లో యుంకర్స్ వారి ఫ్రీ పిస్టన్ కంప్రెసర్లు పనిచేశాయి. ఆ తర్వాత ఫ్రాన్సులో సిగ్మా కంపెనీ జీఎస్-34 యంత్రాలు తయారుచేసింది. అవి ప్లగ్గు అక్కర్లేని డీజిల్ రకం. 2014లో టొయోటా పరిశోధకులు ఓ కొస మంట, రెండో కొస గాలి స్ప్రింగు పెట్టి, 10 కిలోవాట్ల కరెంటు లక్ష్యంగా ఒక నమూనా చూపించారు. దాన్ని ప్లగ్గుతో కూడా నడిపారు.

మరి దీన్ని స్టార్టు చేయడం ఎలా? తాడు చుట్టడానికి చక్రం లేదు, సెల్ఫు పట్టుకోవడానికి పళ్లు లేవు. పాత యంత్రాల్లో బిగించిన గాలిని ఒక్కసారిగా వదిలి పిస్టన్లను విసిరేవారు. ఇప్పుడు, కరెంటు ఇవ్వవలసిన కాయిళ్లకే ముందు కరెంటిచ్చి వాటిని మోటారులా వాడతారు. ఒకే తోపులో పిస్టన్ని చివరిదాకా నొక్కే బలం ఆ మోటారుకి సాధారణంగా ఉండదు. అందుకని పిస్టన్ ఎటు కదులుతుంటే అటే కొంచెం తోస్తుంది. అటు చివర గాలి నలిగి, ఆ బిగువే పిస్టన్ని వెనక్కి కొడుతుంది. మోటారు వెంటనే దిశ మార్చుకుని ఇటు తోస్తుంది. రాకపోక రాకపోకకీ పిస్టన్ కాస్త దూరం జరుగుతుంది, గాలి ఇంకాస్త బిగుస్తుంది. తోపు కదలికకి ఎదురుపడితే అంతవరకు కూడిన బలం కరిగిపోతుంది. బిగువు చాలినంత అయ్యాకే ప్లగ్గుకి పని.

ఆ నిప్పురవ్వకీ వేళ ఉంది. అరసవల్లి గుడికి పోయే దారిలో ఓ షెడ్డులో పెద్దాయన పంపుసెట్ల టైమింగు పెట్టడం చూపించడానికి మా పిల్లల్ని తీసుకెళ్తుంటాను. ఆయన సిగరెట్టు పెట్టెలోని పల్చటి కాయితాన్ని పాయింట్ల మధ్య దూర్చి, చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పుతాడు. కాయితం వదులై జారిన చోట ఆపి, చక్రం మీద గీత ఎక్కడుందో చూస్తాడు. పిస్టన్ పైకి చేరకముందే ఆ కాయితం జారాలి, మంట పాకడానికి కొంత వ్యవధి కావాలి కదా. తాడు గట్టిగా గుంజుతున్న కుర్రాడితో ఓసారి ఆయన అన్నాడు: "బలమెట్టి లాగితే అవదురా గుంటడా, కంప్రెసను తగిలినకాడి నుంచి లాగాల." ఫ్రీ పిస్టన్ ఇంజనులో గీత పెట్టుకోవడానికి చక్రమే లేదు. పిస్టన్ ఎంతవరకు పోతుందో కూడా ప్రతిసారీ కొద్దిగా మారుతుంది. కాబట్టి అది ఎక్కడుంది, ఎంత వేగంతో వస్తోంది అన్నది సెన్సరుతో క్షణక్షణం కనిపెట్టి రవ్వ వేయాలి. ముందు పడితే పిస్టన్ చివరిదాకా పోకుండానే తిరిగిపోతుంది. ఆలస్యమైతే దెబ్బలో బలం తగ్గి, రెండో పక్క గాలి సరిగా నలగదు. ఒక దెబ్బ లోటు తర్వాతి దెబ్బలో తేలుతుంది. మంట పూర్తిగా తప్పితే ఆదుకునే బరువేదీ లేదు. మోటారు వెంటనే అందుకోవాలి, లేకపోతే ఆగిపోతుంది. నిలకడగా నడవకముందే కరెంటు లాగడం మొదలుపెట్టినా అంతే.

ఈ పాఠం చెబుతుంటే నా ఎదురుగా కూర్చున్న పిల్లలే నాకు కనబడసాగారు. వాళ్లలో చాలామంది ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాళ్లు. కొందరి అమ్మానాన్నలు మద్రాసులోనో హైదరాబాదులోనో కట్టుబడి పనుల్లో ఉంటారు, పిల్లలు ఇక్కడ మామ్మ దగ్గర. తండ్రి ఉద్యోగస్తుడైన పిల్లాడికి ఒక సబ్జెక్టు పోతే ఇంట్లో నాలుగు చీవాట్లు పడతాయి, ట్యూషను పెడతారు, బండి మళ్లీ నడుస్తుంది. రెండోవాడికి అదే సబ్జెక్టు పోతే చదువు అక్కడితో ఆగిపోవచ్చు. తెలివిలో తేడా లేదు. తప్పిన దెబ్బని దాటించే బరువు ఒకడి వెనక ఉంది, ఇంకొకడి వెనక లేదు.

అలాంటి పిల్లాడు మానేస్తానని చెప్పి మానడు. సోమవారం రాడు, బుధవారం రాడు, ఆనక పెళ్లిళ్ల సీజనులో వడ్డన పనిలో కనబడతాడు. హాజరు తక్కువైన వాళ్ల జాబితా నోటీసుబోర్డు ఎక్కేసరికి వాడి వేగమంతా పోయుంటుంది. సెమిస్టరు చివర ఇచ్చే పెద్ద ఉపన్యాసం కన్నా, రాని రోజు సాయంత్రమే మామ్మకి చేసే ఫోను ఎక్కువ పనిచేస్తుందని నేను నేర్చుకున్నది ఈ ఇంజను దగ్గరే. లెక్కలు రాని కుర్రాడు వెల్డింగు బాగా చేస్తుంటే, ఆ వెల్డింగులోంచే కోణాల లెక్క మొదలుపెట్టాలి. వాడు కదులుతున్న వైపే తోయాలి, కొంచెమే తోయాలి, మళ్లీ మళ్లీ తోయాలి. సంపాదన బరువు వాడి మీద తొందరపడి పెట్టొద్దని ఇంటివాళ్లని బతిమాలాలి. ఆ ఇంటికి డబ్బు ఎంత అవసరమో నాకు తెలుసు, అయినా ఒక్క ఏడాది ఆగమని అడుగుతాను.

కొత్త బ్యాచ్ వచ్చినప్పుడు నేను ముందు మార్కులు అడగను. ఇంట్లో చదువుకున్నవాళ్లు ఎవరున్నారు, రోజూ ఎక్కడినుంచి వస్తున్నావు, ఫీజు ఎవరు కడుతున్నారు అని అడుగుతాను. వెనక బరువున్న పిల్లాడికి పాఠం బాగా చెబితే చాలు. అది లేని పిల్లాడికి పాఠంతో పాటు, వాడు నిలదొక్కుకునేదాకా పక్కనే ఒక మనిషి కావాలి. అది కూడా పంతులు పనే.