దొర పంతుళ్లు

“చాప్‌స్టిక్స్‌తో భలే తింటున్నారే!” జపాన్‌లో ఇంగ్లీషు చెప్పడానికొచ్చిన తెల్లపంతులికి దిగిన వారంలోనే దక్కే మెచ్చుకోలు ఇది. పదేళ్లుండి, అక్కడి పిల్లనే పెళ్లాడి, పన్నులు కడుతున్నా అదే మెచ్చుకోలు. పోనీ వెటకారమా అంటే కాదు, మనస్ఫూర్తిగానే అంటారు. వెటకారమైతే గట్టిగా జవాబైనా చెప్పొచ్చు.

1987లో జపాన్ ప్రభుత్వం ‘జెట్’ పథకం పెట్టి, తొలి ఏడాది నాలుగు దేశాల నుంచి 848 మందిని రప్పించింది. బళ్లలో ఇంగ్లీషు టీచర్లకు సహాయకులుగా వేసినవాళ్లలో చాలామంది అప్పుడే డిగ్రీ చేతికొచ్చిన కుర్రకారు. టీచర్ ట్రైనింగ్ ఉండి తీరాలన్న పట్టింపు లేదు. ఇక క్లాసు ఇలా సాగుతుంది: జపాన్ టీచరు పుస్తకం తెరిచి తల ఊపుతారు. దొర లేచి ఒక వాక్యం చదువుతాడు. పిల్లలంతా కోరస్‌గా అప్పజెబుతారు. దొర కూర్చుంటాడు. మళ్లీ తల ఊపే వరకూ పనిలేదు. తాము మనిషి రూపంలో ఉన్న టేప్ రికార్డర్లమని వాళ్లలో వాళ్లే నవ్వుకుంటారు.

అలా నవ్వుకోవడంలో వాళ్లు చెయ్యి తిరిగినవాళ్లే. 1998లో నగోయాలోని ఒక ఇంగ్లీషు పత్రికలో ‘కరిష్మా మ్యాన్’ అనే కార్టూన్ మొదలైంది. గీయించినవాడూ విదేశీయుడే. సొంత దేశంలో ఎవరూ పట్టించుకోని కుర్రాడు జపాన్‌లో కాలుపెట్టగానే మన్మథుడైపోతాడు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా, ఈయన ఇంట ఓడి రచ్చ గెలిచాడు. పాశ్చాత్య స్త్రీ ఎదురుపడితే మాత్రం శక్తులన్నీ గాలికి పోతాయి.

పక్కనున్న దక్షిణ కొరియాలోనైతే ట్యూషన్ సెంటర్లు టీచరు దరఖాస్తుతో ఫోటో అడగడం మామూలే. ఇంగ్లీషు టీచరు వీసా మామూలుగా అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా వాళ్లకే. ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లీషులో చదివి, కోపమొస్తే ఇంగ్లీషులోనే తిట్టే మన గుంటూరు కుర్రాడికి ఆ వరుసలో చోటు లేదు. మరి అంత ముచ్చటపడి పిలిపించుకున్నవాళ్లనే 2007 తర్వాత హెచ్‌ఐవీ పరీక్ష చేయించుకోమన్నారు. పక్క గదిలో పాఠం చెప్పే కొరియా టీచరుకు ఆ బాధ లేదు. తెల్లవాడంటే తాగుబోతు, ఆడపిల్లల వెంటపడేవాడు, చెప్పాపెట్టకుండా విమానమెక్కేవాడు అన్న అనుమానం అప్పటికే ఊళ్లో ఉంది. అలాంటివాళ్లు లేరని కాదు. ఉన్నవాళ్ల లెక్క అందరి ఖాతాలో రాశారు. న్యూజిలాండ్ టీచరమ్మ ఒకావిడ పరీక్షకు ఒప్పుకోక ఐక్యరాజ్యసమితి దాకా వెళ్లింది. 2015లో అక్కడి కమిటీ ఆవిడ పక్షాన చెప్పింది, 2017లో పరీక్ష ఎత్తేశారు. మొహం చూసి పిలిచినవాళ్లు మొహం చూసే అనుమానించడం నాకేమీ వింతగా తోచదు. రెండింటిలోనూ ఆ మనిషిని చూసిందెవరు గనక?

పూర్తిగా కలిసిపోయిన దొర సంగతికొస్తే, లాఫ్కాడియో హెర్న్ ఉన్నాడు. 1890లో జపాన్‌లోని మత్సుయేలో ఇంగ్లీషు పంతులుగా చేరాడు. కొయిజుమి సెత్సును పెళ్లాడి, 1896లో జపాన్ పౌరుడై, అత్తవారింటి పేరు పెట్టుకుని కొయిజుమి యాకుమో అయ్యాడు. మన లెక్కలో ఇల్లరికపుటల్లుడు. అయినా 1903లో టోక్యో ఇంపీరియల్ యూనివర్సిటీ, తన దగ్గర పాఠాలు చెబుతున్న ఆయన్ను సాగనంపింది. ఆయన స్థానంలో పాఠాలు చెప్పడానికొచ్చినవాళ్లలో ఒకరు అప్పుడే లండన్ నుంచి తిరిగొచ్చిన నత్సుమే సోసెకి, తర్వాత్తర్వాత మహా నవలాకారుడు. అచ్చమైన జపాన్ పంతులు. హెర్న్ పాఠాలు మరిగిన కుర్రాళ్లకు ఈయన పొడిపొడి విశ్లేషణ రుచించలేదు. పాత పంతులే నయమని సణిగారు.