నామము మిథ్యయేనా?

ఛాందోగ్యోపనిషత్తు ఆరవ అధ్యాయములో ఉద్దాలకుడు తన కుమారుడైన శ్వేతకేతువుకు మట్టిని దృష్టాంతముగా చూపుతాడు. కుండ, మూకుడు, ప్రమిద అనేవి కేవలము పేర్లు. వాటన్నిటిలో ఉన్న మట్టియే సత్యము. ఈ బోధను నేను యౌవనములో విన్నాను. అది నా హృదయాన్ని చేరక, అహంకారానికి ఆభరణమైంది. ఎలాగో మనవి చేస్తాను.

నా వృత్తి మైక్రోకంట్రోలర్లకు ప్రోగ్రాములు వ్రాయడము. పాకాల సమీపములో మా చిన్నాయనకు కొద్దిపాటి సేద్యము, ఒక బోరుబావి ఉన్నాయి. ఆ మోటారుకు రక్షణగా ఒక చిన్న యంత్రము చేసి ఇచ్చాను. బోరులో నీరు అడుగంటితే మోటారుపై భారము తగ్గి, అది తీసుకొనే కరెంటు క్షీణిస్తుంది. ఆ క్షీణతను గుర్తించి మోటారును ఆపడమే ఈ యంత్రపు ధర్మము. అందులోని చిప్పు ఏటీమెగా8. ప్రోగ్రాముకు అందులో ఉన్న చోటు 8 కిలోబైట్లు మాత్రమే. కరెంటు కొలత 0 నుండి 1023 లోపు ఒక సంఖ్యగా దానికి అందుతుంది.

చిప్పుకు తెలిసినవి సంఖ్యలే గదా, పేర్లు మిథ్య గదా అని నేను దేనికీ పేరు పెట్టలేదు. మోటారును ఆపవలసిన హద్దును 310 అని నేరుగా వ్రాశాను. వ్యాఖ్య లేదు, విభాగము లేదు. పాకాల జంక్షనులో కాట్పాడి–తిరుపతి మార్గము నుండి ధర్మవరము మార్గము చీలినట్లు, ఆ ప్రోగ్రాములోనూ రెండు మార్గాలు ఉండేవి: చేతితో స్విచ్చు వేసినప్పుడు ఒకటి, కరెంటు పోయి తిరిగి వచ్చినప్పుడు మరొకటి. రెండవ మార్గములో అదే హద్దును హెక్సాడెసిమల్ రూపములో 136 అని వ్రాసి ఉన్నాను.

నాలుగేళ్ళ తరువాత చిన్నాయన ఐదు హార్స్‌పవర్ మోటారు తీసి ఏడున్నర పెట్టించాడు. పెద్ద మోటారు నీరు లేకుండా తిరిగినా ఎక్కువ కరెంటే తీసుకుంటుంది. కనుక హద్దును పెంచాలి. 310 కోసము వెదికి, దొరికినచోట మార్చి, పని ముగిసిందనుకొన్నాను. వేసవి ఆరంభములో ఒక రాత్రి కరెంటు పోయి వచ్చింది. నీరు లేని బోరులో మోటారు తెల్లవారేదాకా తిరిగి, వైండింగు కాలిపోయింది. వేరుశనగ కాయ ఊరే దశలో తడి అందక ఎండింది. రిపేరు ఖర్చు నేను ఇచ్చాను. పోయిన పైరును ఇవ్వలేకపోయాను.

చిన్నాయన కోపించలేదు. "నువ్వు రాసిండేది నీకే తెలీలేదా నాయనా?" అని మాత్రము అడిగాడు.

ఆ ప్రశ్నతో నా అపార్థము బయటపడింది. ప్రోగ్రాములో ఒక సంఖ్యకు పేరు పెడితే చిప్పులో ఒక్క బైటు కూడా అదనముగా ఖర్చు కాదు. కంపైలరు ఆ పేరును తొలగించి సంఖ్యనే లోపలికి పంపుతుంది. చిప్పు దృష్టిలో పేరు లేనే లేదు, నిజమే. కాని పేరు చిప్పు కోసము కాదు. రేపు దానిని చదివే మనిషి కోసము. కుండ మిథ్యయని ఎరిగినవాడు కూడా నీటిని కుండలోనే తెచ్చుకోవాలి. శంకరులు వ్యావహారిక సత్తను తోసిపుచ్చలేదు. నేనే పరమార్థపు మాటను సోమరితనానికి కవచముగా తొడిగాను.

సంక్షిప్తతలో పాణినికి సాటి ఎవరు? సుమారు 4,000 సూత్రాలలో ఒక భాషనంతటినీ ఇమిడ్చిన ఆ మహర్షి సైతము, ఆ, ఐ, ఔ అనే వర్ణాలకు 'వృద్ధి' అని పేరు పెట్టడముతోనే అష్టాధ్యాయిని ఆరంభించాడు. ఒకచోట సంజ్ఞ చేసి, ఆపై అంతటా ఆ సంజ్ఞతోనే వ్యవహరించాడు.

ప్రోగ్రామును మళ్ళీ వ్రాశాను. హద్దుకు ఒక పేరు, అది నిర్ణయమయ్యేది ఒకే చోట. ఆగి ఉండడము, ఆరంభము, నడక, దోషము అని మోటారుకు నాలుగు అవస్థలు. ఏ మార్గములో వచ్చినా నీటి పరీక్ష ఒక్కటే. ఏమి చేస్తున్నదో ప్రోగ్రామే చెబుతుంది కనుక, ఎందుకు చేస్తున్నదో మాత్రమే వ్యాఖ్యలో వ్రాశాను.

ఈ మధ్య ఒక యువకుడు దానిని చదివి, నేను గమనించని లోపమొకటి చూపించాడు. చదవగలిగాడు కనుకనే చూపగలిగాడు. సాధకులారా, మన తప్పు ఇతరులకు కనిపించేలా వ్రాయడము కూడా అహంకార క్షయానికి ఒక సాధనమే.

ఓం తత్ సత్.